ఇంజను ఆగినచో వెనుకకు తిరుగవచ్చునా?

వికారాబాదు, తాండూరు ప్రాంతములలోని బడిపిల్లలకు చిన్న విమానపు చప్పుడు కొత్తది కాదు. హైదరాబాదు నుండి కలబురగి వైపు శిక్షణకై పోవు విమానములు అప్పుడప్పుడు ఈ ఊళ్ల మీదుగా పోవుచుండును. సికింద్రాబాదు నుండి వాడి వరకు 1874లో వేసిన రైలుదారి ఈ రెండు పట్టణముల గుండానే సాగును. పైనుండి చూచువానికి ఆ పట్టాలు పలకపై బలపముతో గీచిన గీతవలె కనిపించును. దారి సందేహము కలిగిన శిక్షణార్థికి ఇంతకంటె నమ్మకమైన గుర్తు అక్కరలేదు.

2019 అక్టోబరు 6వ తేదీన అట్టి విమానమొకటి, సెస్నా 172 రకమునకు చెందినది, బంటారం మండలములోని సుల్తాన్‌పూర్ వద్ద పొలములలో కూలిపోయెను. అందున్న శిక్షణార్థులిద్దరును మరణించిరి. ఆనాడు వాతావరణము బాగుగా లేదు. నేల విడిచిన వెంటనే ఇంజను ఆగుట అనునది దానికంటె వేరైన సమస్య. అయినను అట్టి వార్త విన్న తరగతిలో పిల్లలు మొదట అడుగు ప్రశ్న ఇదియే: "పైకి లేవగానే ఇంజను ఆగిపోతే ఏం చేస్తారు సార్?"

పిల్లలు తామే ఒక జవాబు కూడ చెప్పుదురు. "వెంటనే వెనక్కి తిరిగి వచ్చి దిగాలి." పెద్దలును అట్లే తలంతురు. రన్‌వే ఇంకను కనుచూపు మేరలోనే ఉన్నది. అర నిమిషము క్రితము దానినే విడిచి వచ్చితిమి. అక్కడ నునుపైన బాట ఉన్నది, మంటలార్పు బండి ఉన్నది, సాయమునకు మనుషులున్నారు. ముందు చూచినచో పొలములు, చెట్లు, గుట్టలు. ఇట్టి సమయమున మనసు ఇంటివైపే లాగును గదా! కాని విమానము నడుపుట నేర్పు గురువు మొదటి పాఠములలోనే దీనికి సరిగా వ్యతిరేకమైన మాట చెప్పును: తక్కువ ఎత్తులో ఇంజను ఆగినచో వెనుకకు తిరుగకుము, ముక్కు దించుము, ఎదుట కనిపించు నేలపై దిగుము. ఈ చిన్న నియమము వెనుక నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్రలో ప్రాణములు చాల ఖర్చయినవి.

1912 నాటి సంగతి ఒకటి చూతము. విల్‌ఫ్రెడ్ పార్క్ అను ఆంగ్లేయుడు నౌకాదళములో లెఫ్టినెంటు. ఆ యేడు ఆగస్టు 25న సాలిస్‌బరీ మైదానము వద్ద సైనిక విమానముల పరీక్షలు జరుగుచుండగా, అతడు నడుపుచున్న ఆవ్రో విమానము వేగము కోల్పోయి, బొంగరమువలె గిరగిర తిరుగుచు క్రిందికి పడసాగెను. దీనిని స్పిన్ అందురు. ఆ దినములలో స్పిన్‌లో పడిన విమానమునుండి ప్రాణముతో బయటపడు ఉపాయము ఎవరికిని స్పష్టముగా తెలియదు. పార్క్ తనకు తోచినవన్నియు చేసిచూచెను. చివరకు చుక్కానిని తిరుగుచున్న దిక్కునకు ఎదురుగా పూర్తిగా త్రొక్కెను. నేల సుమారు 50 అడుగుల దూరములో ఉండగా విమానము నిలదొక్కుకొన్నది. దిగిన వెంటనే తాను చేసినదంతయు క్రమముగా ఇతరులకు వివరించెను. వైమానికులకు అది పెద్ద పాఠమయ్యెను.

అట్టి మనిషి ఆ సంవత్సరము ముగియకముందే మరణించెను. డిసెంబరు 15న ఒక ప్రయాణికునితో కలిసి హ్యాండ్లీ పేజ్ కంపెనీ వారి ఒంటిరెక్కల విమానములో లండను సమీపమునగల హెండన్ నుండి ఆక్స్‌ఫర్డుకు బయలుదేరెను. ఇంజను సరిగా లాగుట లేదు. తక్కువ ఎత్తులోనే విమానమును మళ్లింపబోయెను. వేగము చాలక విమానము వెంబ్లీ వద్ద కూలెను. ఇద్దరును మరణించిరి. స్పిన్ నుండి బయటపడు మార్గము కనుగొన్నవానికి కూడ, నేల దగ్గరలో ఆ మార్గమును వాడుటకు చాలినంత ఎత్తు దొరకలేదు. ఈ రెండు తేదీలకు నడుమ నాలుగు నెలలైనను లేవు.

ఆ విమానములోని ఇంజను నోమ్ రకముది, 70 అశ్వశక్తులది. దీని సిలిండర్లు ప్రొపెల్లరుతోపాటు తామును గుండ్రముగా తిరుగును. ఇట్టి ఇంజనులలో కందెనగా వాడినది మన ఆముదము! ఖనిజ నూనెలు పెట్రోలులో సులభముగా కలిసిపోయి పలుచబడును. ఆముదము అంత సులభముగా కలియదు. అందుచేత దానికి గిరాకి కలిగెను. మొదటి ప్రపంచయుద్ధము నాటికి ఆముదపు గింజలు ఎగుమతి చేయు దేశములలో మన దేశము ముందుండెను. హైదరాబాదు రాజ్యపు చెలక నేలలలో ఆ పంట విరివిగా పండెడిది. ఐరోపా ఆకాశములో ఎగిరిన యంత్రములకును తెలంగాణ రైతునకును ఈ విధముగా చుట్టరికము కలిసినది. అయితే ఆముదము ఎంత మంచిదైనను ఆనాటి ఇంజనులు తరచుగా మొరాయించుచుండెడివి. కావున ఇంజను ఆగుట అపూర్వమైన ఆపద కాదు. ప్రతి వైమానికుడును నేడో రేపో ఎదుర్కొనవలసినదే. ఆగిన తరువాత ఏమి చేసితిరన్నదే ఎవరు బ్రతుకుదురో, ఎవరు చత్తురో నిర్ణయించెడిది.

ఇపుడు కొంచెము భౌతికశాస్త్రము చెప్పక తప్పదు.

అనంతగిరి ఘాటు రోడ్డుపై సైకిలు త్రొక్కుచు ఎక్కువానిని తలచుకొనుడు. సమతలముపై త్రొక్కుట మానినచో సైకిలు కొంత దూరము దొర్లిపోవును. ఎక్కుడులో మానినచో నాలుగు గజములలో నిలిచిపోవును. నేల విడిచి పైకెక్కుచున్న విమానము స్థితి ఈ రెండవ దానివంటిది. సెస్నా 172 వంటి నాలుగు సీట్ల విమానము సుమారు గంటకు 137 కిలోమీటర్ల వేగముతో ముక్కు పైకెత్తి ఎక్కుచుండును. ఇంజను ఆగినపుడు ముక్కును అట్లే ఉంచినచో గాలి నిరోధమొకవైపు, ఎక్కుడు మరొకవైపు లాగగా, సెకండుకు దాదాపు 2 మీటర్ల చొప్పున వేగము తగ్గును. గంటకు 93 కిలోమీటర్ల దగ్గర ఆ రెక్కకు మోయు శక్తి నశించును. లెక్క వేసినచో ఆరేడు సెకండ్లు మాత్రమే వ్యవధి. అందులో నాలుగు సెకండ్లు "ఇదేమి, ఇంజను ఆగినదా?" అని మనసు నమ్మలేక తికమకపడుటకే పోవును.

రెక్క మోయుట మానుట అనగా ఏమి? రెక్క గాలిని కొంత కోణముతో ఎదుర్కొన్నపుడు గాలి దాని వీపును అంటిపెట్టుకొని సాఫీగా జారిపోవును. ఆ కోణము సుమారు 15, 16 డిగ్రీలు దాటినచో గాలి వీపునుండి విడిపోయి సుడులు తిరుగును. రెక్కను పైకెత్తు బలము ఒక్కసారిగా పడిపోవును. దీనినే స్టాల్ అందురు. మోటారుకారు ఆగిపోవుటకు వాడు మాటయే ఇదియు గనుక, స్టాల్ అనగా ఇంజను ఆగుట యని కొందరు పొరబడుదురు. ఇంజను చక్కగా పనిచేయుచుండగానే స్టాల్ కలుగవచ్చును. ఇంజను పూర్తిగా ఆగినను వేగమును కాపాడుకొన్నచో కలుగకపోవచ్చును. ఇంజను ఆగిన విమానము రాయివలె పడదు. ముక్కు కొంచెము దించినచో గంటకు 120 కిలోమీటర్ల వేగముతో జారుచు, ఒక మీటరు ఎత్తు కోల్పోవునప్పటికి తొమ్మిది మీటర్లు ముందుకు పోవును. అనగా 150 మీటర్ల ఎత్తునుండి తిన్నగా జారినచో 1,350 మీటర్ల దూరము, సుమారు 40 సెకండ్ల కాలము చేతిలో ఉండును. ఇది తక్కువైనను శూన్యము కాదు.

మలుపు తిరుగుటలోనే చిక్కంతయు ఉన్నది. మలుపులో విమానము పక్కకు ఒరగవలెను. ఒరిగినపుడు రెక్కల బలములో కొంత భాగము పక్కకు లాగుటకు పోవును. బరువును మోయుటకు మిగిలినది చాలదు. కావున రెక్క అదనముగా మోయవలెను, మోయుటకు అదనపు వేగము కావలెను. 45 డిగ్రీలు ఒరిగినచో స్టాల్ కలుగు వేగము 93 నుండి 110కి పెరుగును. 60 డిగ్రీలు ఒరిగినచో 131 అగును. మనము జారుచున్నది 120తో. అనగా 45 డిగ్రీల మలుపు సన్నని గోడమీద నడక. 60 డిగ్రీల మలుపు గోడమీదినుండి పడుటయే. ఎట్లయినను రన్‌వే అందుకొనవలెనను ఆత్రుతతో నడుపువాడు మరికొంత ఒరిగించును, ముక్కు క్రిందికి పోవుచున్నదని కర్రను తనవైపు లాగును. ఒక రెక్క ముందుగా స్టాల్ అగును. విమానము ఆ వైపునకు దొర్లి స్పిన్‌లో పడును. పార్క్ వంటి నేర్పరికి సయితము అక్కడ చేయగలిగినది లేదు.

కన్ను చేయు మోసము మరొకటి. విమానము ఎపుడును గాలికి ఎదురుగా నేల విడుచును. వెనుకకు తిరిగినచో గాలి వీపున తోయును. అపుడు క్రింద పొలములు గబగబ వెనుకకు పోవుచున్నట్లు కనిపించును. వేగము ఎక్కువైనదని భ్రమపడి నడుపువాడు దానిని ఇంకను తగ్గించును. రెక్కకు తెలిసినది గాలిలోని వేగమే గాని నేలపై వేగము కాదు.

ఈ సంగతులు అనుభవమువలన కొందరికి తెలిసినను, పాఠముగా నేర్పుట మాత్రము 1917లోనే సరిగా మొదలయ్యెను. రాబర్ట్ స్మిత్-బారీ అను అధికారి ఆ యేడు ఇంగ్లండులోని గాస్‌పోర్టులో ఒక శిక్షణ పాఠశాల నడపెను. అంతకు పూర్వము గురువు శిష్యునకు ప్రమాదములను చూపకుండుటయే క్షేమమని తలంచెడివారు. స్మిత్-బారీ దీనిని తలక్రిందులు చేసెను. ప్రమాదమును గురువు ప్రక్కన ఉండగా, చాలినంత ఎత్తులో, కావలెనని కల్పించి చూపవలెను. అది ఎందుకు కలిగినదో, ఎట్లు పోగొట్టవలెనో శిష్యుని చేతనే చేయించవలెను. ఇంజను హోరులో మాట వినిపించుటకు ముందు సీటునకు వెనుక సీటునకు నడుమ ఒక గొట్టము అమర్చిరి. ప్రయోగశాలలో చేయించక బల్ల మీది పుస్తకముతోనే రసాయనశాస్త్రము చెప్పు అలవాటు గల మనవారు స్మిత్-బారీ పద్ధతిని గూర్చి కొంచెము ఆలోచింపదగును.

ఆ పద్ధతి మన దేశమునకు మాత్ విమానములతో వచ్చినది. 1928, 1929 సంవత్సరములలో ఢిల్లీ, బొంబాయి మున్నగు చోట్ల ఫ్లయింగు క్లబ్బులు ఏర్పడెను. బొంబాయిలో నేర్చిన జె.ఆర్.డి. టాటాకు 1929 ఫిబ్రవరి 10న భారతదేశపు మొదటి పైలట్ లైసెన్సు లభించెను. 1930ల దశకములో నిజాము రాజ్యములో బేగంపేట మైదానము తయారై, హైదరాబాదులో కూడ విమాన శిక్షణ మొదలయ్యెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బేగంపేటలో ప్రాథమిక విమాన శిక్షణ పాఠశాల నెలకొల్పి, టైగర్ మాత్ విమానములపై యువకులను వైమానికదళమునకు తయారుచేసిరి. ఇపుడు మహానగరము నాలుగు వైపుల క్రమ్ముకొన్న ఆ మైదానము చుట్టును ఆనాడు పొలములు, బీళ్లు ఉండెను. ఇంజను ఆగినను ఎదుట దిగుటకు జాగా ఉండెను. నియమము ఒకటే అయినను, దానిని పాటించుటకు నేల కూడ సహకరింపవలెను గదా.

టైగర్ మాత్ నెమ్మదిగా ఎగురును, నెమ్మదిగా దిగును. దాని పెట్రోలు తొట్టి పై రెక్క నడుమ ఉండును. బావి నీరు తోడి మేడమీది తొట్టికి ఎక్కించినపుడు కొళాయిలో తానుగా దిగివచ్చునట్లు, పెట్రోలు బరువుచేతనే ఇంజనులోనికి దిగును. పంపు అక్కరలేదు; లేనిది చెడిపోదు. రెక్కలు క్రిందనున్న విమానములలో తొట్లు ఇంజను కంటె పల్లమున ఉండును. అచట పంపు పనిచేయవలెను. గొట్టములలో పెట్రోలు వేడికి ఆవిరియై బుడగ కట్టినచో ప్రవాహము తెగిపోవును.

తొట్టి ఎక్కడున్నను ఇంజనును ఆపు ఇతర కారణములు లేకపోలేదు. సగము ఖాళీగా రాత్రంతయు నిలిచిన తొట్టిలో గాలిలోని తేమ నీరై దిగును. నీరు పెట్రోలు కంటె బరువు గనుక అడుగున చేరి, ముందుగా ఇంజనుకు అదియే పోవును. అందుకే ప్రయాణమునకు ముందు తొట్టి అడుగునుండి కొంచెము పెట్రోలు గాజుగొట్టములోనికి తీసి చూచెదరు. మరొకటి వింతయైనది. ఎండకాచు దినములలో కూడ కార్బురేటరులో మంచు పట్టవచ్చును. కొత్తకుండలో నీరు చల్లబడుట మనకు తెలిసినదే: ఆవిరియగు నీరు వేడిని లాగుకొనును. కార్బురేటరులో పెట్రోలు ఆవిరియగునపుడును అదే జరుగును. గాలి 20 డిగ్రీలకు మించి చల్లబడవచ్చును. ఆ గాలిలో తేమ ఎక్కువగా ఉన్నచో మంచై గొంతు పూడ్చును. వానకాలపు ఉదయములలో ఈ భయము అధికము.

మన ప్రాంతపు చరిత్రలో ఇంజను ఆగుట అను మాట ఎక్కువగా ముడిపడినది దీపక్ అను విమానముతో. హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వారు రూపొందించిన హెచ్.పి.టి.-32 దీపక్ 1977 జనవరి 6న మొదటిసారి ఎగిరెను. రెండు సీట్లు పక్కపక్కన, 260 అశ్వశక్తుల ఇంజను, క్రింది రెక్క. హైదరాబాదునకు ఉత్తరమునగల దుండిగల్ వైమానికదళ అకాడమీలో 1980ల నుండి కొత్తగా చేరిన కేడెట్లు మొదట నేర్చినది దీనిపైననే. వేలకొలది యువకులకు ఆకాశమును చూపిన విమానమది; దాని ఋణమును తక్కువ చేసి చెప్పుట న్యాయము కాదు. అయినను గాలిలో ఉండగా ఇంజను ఆగుట దానికి తీరని జబ్బయ్యెను. ఇంధనము ప్రవహించు ఏర్పాటుపై అనుమానములు పుట్టినవి, మార్పులు చేసిరి, జబ్బు పూర్తిగా నయము కాలేదు. ఇంజను ఆగిన తరువాత అది జారుటలో కూడ అంత చురుకైనది కాదు. పైలటును సీటుతోసహా బయటికి విసరు ఏర్పాటు అందు లేదు. మొత్తము 17 దీపక్ విమానములు కూలి 19 మంది పైలట్లు మరణించిరి.

2009 జూలై 31న నాటి మెదక్ జిల్లాలో దీపక్ ఒకటి కూలినది. మరణించినవారిద్దరును అనుభవముగల అధికారులు. నేర్చుకొనుచున్న పిల్లలు కారు. ఆ తరువాత దీపక్ మరల ఎగురలేదు. విమానమంతటికి ఒక పెద్ద పారాచూటు అమర్చు ఆలోచన కొంతకాలము జరిగి ఆగిపోయెను. కేడెట్లు ఒకేసారి కిరణ్ జెట్ విమానముపై నేర్చుకొనవలసి వచ్చినది. 2013లో స్విట్జర్లాండు నుండి పిలాటస్ పి.సి.-7 విమానములు వచ్చిన తరువాత గాని ఆ లోటు తీరలేదు. వీనిలో పిస్టన్లకు బదులు టర్బైను ఉన్నది, బయటికి విసరు సీటును ఉన్నది. వెనుకకు తిరుగవలెనా, ముందు దిగవలెనా అను ప్రశ్నకు అక్కడ మూడవ జవాబు చేరినది. కాని సామాన్య శిక్షణ క్లబ్బులలోని సెస్నాలకు ఆ భాగ్యము లేదు. వారికి పాత ప్రశ్న పాతదిగానే ఉన్నది.

ఈ నడుమ నియమమునే ప్రశ్నించినవారున్నారు. అమెరికా నౌకాదళ అకాడమీలో చదివిన బ్రెంట్ జెట్ అను యువకుడు కృత్రిమ విమానయంత్రముపై పైలట్లచే ఈ మలుపును చేయించి, 1982లో ఫలితములను ప్రకటించెను. ఇతడే తరువాత అంతరిక్ష షటిల్‌లో నాలుగు పర్యాయములు ప్రయాణించినాడు. అదే అకాడమీలో ఆచార్యుడైన డేవిడ్ రోజర్స్ 1995లో గణితముచే ఈ సమస్యను విప్పెను. వారు చెప్పినదానిలో ముఖ్యమైనది మన ఊహకు విరుద్ధముగా తోచును: మెల్లగా, కొంచెమే ఒరిగి తిరుగుట క్షేమము కాదు, 45 డిగ్రీలు ఒరిగి, స్టాల్‌కు కొంచెము పైన వేగముంచి తిరిగినపుడే తక్కువ ఎత్తు ఖర్చగును.

మనమే లెక్క వేసి చూడవచ్చును. మలుపు వృత్తపు వ్యాసార్ధము వేగపు వర్గమును గురుత్వ త్వరణముతోను, ఒరిగిన కోణపు టాంజెంటుతోను భాగించగా వచ్చును. సెకండుకు 33.4 మీటర్ల వేగమున 30 డిగ్రీలు ఒరిగినచో వ్యాసార్ధము 197 మీటర్లు. 45 డిగ్రీలైనచో 114 మీటర్లు. వెనుదిరుగు అర్ధవృత్తమునకు మొదటి దానిలో పద్దెనిమిదిన్నర సెకండ్లు, రెండవ దానిలో 11 సెకండ్ల లోపు పట్టును. నిటారైన మలుపులో క్రిందికి దిగు వేగము ఎక్కువే. అయినను కాలము తక్కువ గనుక మొత్తముమీద లాభము. నా లెక్కకు మొదటి దానిలో సుమారు 80 మీటర్లు, రెండవ దానిలో 60 మీటర్ల ఎత్తు పోవును. ఇంతటితో పని ముగియలేదు. అర్ధవృత్తము తిరిగినవాడు రన్‌వే గీతమీద ఉండడు. దానికి ప్రక్కన 228 మీటర్ల దూరములో ఉండును. గీతను చేరుటకు ఇంకను తిరిగి, మరల సరిచేసికొనవలెను. మొదట తికమకలో పోయిన సెకండ్లను కూడ కలుపుడు. 150 మీటర్ల ఎత్తులో ఈ పద్దు సరిపోవుట మిక్కిలి కష్టము. మునుపే అభ్యాసము చేసినవానికి, మరింత ఎత్తులో, కొన్ని పరిస్థితులలో మలుపు సాధ్యము.

ఎత్తును గూర్చి అందరు మాటలాడుదురు. దక్కను ఎండలను గూర్చి మాటలాడువారు తక్కువ. నాకు ముఖ్యముగా తోచినది ఇదియే. బేగంపేట సముద్రమట్టమునకు 531 మీటర్ల ఎత్తున ఉన్నది. వికారాబాదు ఇంకను మిట్ట. మే నెల మధ్యాహ్నము 41 డిగ్రీల వేడిలో బేగంపేట గాలి సాంద్రత ప్రామాణిక సాంద్రతలో 86 శాతమే. అనగా ఇంజనుకును రెక్కకును మనము 1,500 మీటర్ల కొండమీద ఉన్నట్లే. తీరప్రాంతములో చలికాలపు ఉదయమున సెస్నా పది మీటర్లు ముందుకు పోయి ఒక మీటరు ఎక్కినచో, ఇక్కడ నిండు బరువుతో పదహారు మీటర్లు పోయి ఒక మీటరు ఎక్కును. జారుడు మాత్రము ఎక్కడనైనను తొమ్మిదికి ఒకటే. 150 మీటర్ల ఎత్తు చేరునప్పటికి అది నేల విడిచిన చోటినుండి 2,400 మీటర్ల దూరములో ఉండును, జారగలిగినది 1,350. మలుపు ఖర్చును లెక్కింపకయే తరుగు వచ్చినది! ఇంకను ఎత్తుకు ఎక్కినచో తీరునా? తీరదు. ఎక్కుకొలది దూరము, ఎత్తు అదే పాళ్లలో పెరుగును. తిన్నగా పోయినంతకాలము తరుగు పెరుగునే గాని తగ్గదు. రన్‌వే పొడవైనదై ముందు భాగము మిగిలియున్నను, ఎదురుగాలి బలముగా ఉన్నను కొంత కలిసివచ్చును. కావున జనవరిలో సరిపోయిన ఎత్తు మే నెలలో సరిపోదు. ఇతర దేశపు పుస్తకములోని అంకెను తెచ్చి ఇక్కడ వాడరాదు.

ముందు దిగవలెనన్నచో దేనిపై దిగవలెను? వికారాబాదులోగాని తాండూరులోగాని విమానాశ్రయము లేదు. అయినను ఇక్కడి నేలను పైలటు కంటితో చూచుట మంచి అభ్యాసము. వికారాబాదు వైపు ఎర్రనేలలు, మూసీ పుట్టిన అనంతగిరి కొండల అడవి. అడవిమీద ఎంపికకు తావు లేదు. పడమటికి పోవుకొలది నేల నల్లబడును, చదునగును. తాండూరు కంది ప్రసిద్ధము. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. రుచి సంగతి ఎట్లున్నను, దిగువానికి ఎదిగిన కంది చేను మంచి మిత్రము కాదు. పైనుండి పచ్చని తివాచివలె కనిపించునది నిలువున మనిషి భుజముదాక వచ్చును. కోసిన తరువాత మిగులు మోళ్లు కట్టెలవలె గట్టివి. శనగ చేను, పంట తీసిన జొన్న చేను అంతకంటె మేలు. నల్లరేగడి వానలో తడిసినచో చక్రములను పట్టుకొని విమానమును ముక్కుమీద బోర్లవేయును. ఎండాకాలమున అదే నేల నెర్రెలిచ్చినను గట్టిగా ఉండును. తాండూరు చుట్టును నాపరాయి గనులున్నవి. పై ఎత్తునుండి తెల్లగా, చదునుగా, పిలిచినట్లు కనిపించును. దగ్గరకు వచ్చినపుడు గాని గోతులు, రాతి కుప్పలు తెలియవు. అప్పటికి మార్చుకొను ఎత్తు ఉండదు. కరెంటు తీగెలు అసలే కనిపించవు. స్తంభముల వరుసను బట్టి ఊహింపవలెను. దిగునపుడు దున్నిన చాళ్ల వెంబడి దిగవలెను, అడ్డముగా కాదు. గాలికి ఎదురుగా దిగవలెను.

గాలికి ఎదురు అనుటలో ఎంత లాభమో చూడుడు. విమానము 50 నాట్ల వేగముతో నేల తాకుననుకొందము. నాటు అనగా గంటకు 1.85 కిలోమీటర్లు. 10 నాట్ల గాలి ఎదురుగా ఉన్నచో నేలపై వేగము 40; వెనుకనుండి ఉన్నచో 60. గతిశక్తి వేగపు వర్గముననుసరించును గనుక రెండవదానిలో శక్తి రెండుంబావు రెట్లు. 40 నాట్లతో దిగి, చక్రములు విరిగి, రెక్కలు పొదలలో చిక్కుకొని 10 మీటర్లలో ఆగినను, మనిషిపై పడు బలము అతని బరువునకు రెండింతలకు కొంచెము ఎక్కువ. నడుముకు, భుజములకు పట్టీ ఉన్నచో ఓర్చుకొనవచ్చును. స్పిన్‌లో సెకండుకు 30 మీటర్ల వేగముతో ముక్కు నేలకు గ్రుచ్చుకొని ఒక మీటరులో ఆగినచో అది 45 రెట్లు దాటును. 1917లో శిక్షణలో విమానము కూలి, గాయములతో బ్రతికిన హ్యూ డిహేవెన్ అనునతడు తాను ఎందుకు బ్రతికితినని జీవితమంతయు ఆలోచించెను. 1942లో కార్నెల్ విశ్వవిద్యాలయములో ఈ విషయమున పరిశోధన మొదలుపెట్టినవాడతడే. విమానము తుక్కైనను లోపలి మనిషి ఆగు దూరము కొంచెము పెరిగినచో చాలునని అతని పని తేల్చెను.

అందువలన నేడు జాగ్రత్తగల శిక్షణార్థి రన్‌వే చివర నిలిచి, పైకి వినబడునట్లు కొన్ని మాటలు చెప్పును. ఇంజను రన్‌వే మీదనే తడబడినచో ఆపెదను. ఇంత ఎత్తు లోపల ఆగినచో ముక్కు దించి ఎదుట, కుడి ఎడమలకు కొలదిగా మాత్రమే మళ్లి, ఆ చెరువు కట్టకు అవతలి చేలో దిగెదను. ఇంత ఎత్తు దాటిన తరువాత మాత్రమే ఫలానా దిక్కునకు తిరుగుటను ఆలోచించెదను. ఆ ఎత్తు నాటి ఎండను, బరువును, గాలిని చూచి ఆ ఉదయమే నిర్ణయించుకొన్నది. ఇంజను ఆగిన తరువాత దొరుకు నాలుగు సెకండ్లలో చేయలేని ఆలోచనను, నేలమీద తీరికగా ముందే చేసి పెట్టుకొనుట ఇది. చెప్పుట ముగించి, ఒకసారి గాలిసంచి వైపు చూచి, చేయి ముందుకు నెట్టును.